మాస్టారి మీద కోపం, లెక్కల మీద అలక

జూన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లోని పిల్లలు రెండు రకాలుగా విడిపోతారు. పాత బడికి, పాత బెంచీకి తిరిగి వెళ్ళేవారు ఒక రకం. టి.సి. చేతబట్టుకొని కొత్త బడి గేటు ముందు నిలబడేవారు మరొక రకం. తండ్రికి బదిలీ అయిందనో, అప్పు చేసైనా పట్నంలో చదివించాలనో, ఊళ్ళో బడి ఎనిమిదో తరగతితో ఆగిపోతుందనో, కారణాలన్నీ పెద్దలవి. ప్రయాణం మాత్రం పిల్లలది. టి.సి. కాగితంలో పుట్టిన తేదీ ఉంటుంది, పుట్టుమచ్చలు ఉంటాయి, ప్రవర్తన ‘సంతృప్తికరం’ అని ఉంటుంది. ఆ పిల్ల ఏ పాఠమంటే చెవి కోసుకునేదో, ఏ టీచరు పిలిస్తే పరుగెత్తుకు వెళ్ళేదో రాయటానికి అందులో గడి లేదు.

కొత్త ఊరు అలవాటవుతుంది. కొత్త స్నేహాలు పదిహేను రోజుల్లో కుదురుతాయి, పిల్లలకు ఆ విద్య మనకంటే బాగా వచ్చు. కానీ ఒక్కోసారి ఒక మాస్టారు గాని, ఒక టీచరమ్మ గాని ఎంతకూ కుదరరు. ఆ పీరియడు తలుచుకుంటేనే గుండెల్లో రాయి పడుతుంది. చెప్పింది అర్థం కాదు. అడిగితే కసురుకుంటారు, అడక్కపోతే మొద్దు అంటారు. అప్పుడు ఆ పిల్ల ఏం చెయ్యాలి? చూడటానికి చిన్న సమస్యే. దీని అడుగున మాత్రం పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. మనకంటే పెద్దవారు, మన మేలు కోసమే నియమింపబడినవారు, మనకు అన్యాయం చేస్తున్నప్పుడు వారికి మనం ఏం బాకీ ఉంటాం? గౌరవమా, మౌనమా? ఆ రెండూ ఒకటేనా?

మన మధ్య సాధారణంగా వినపడే జవాబులు రెండు. గురువు దైవంతో సమానం, నోరు మూసుకొని చదువుకో అనేది ఒకటి. పద, హెడ్మాస్టరు దగ్గరే తేల్చుకుందాం అనేది రెండవది. మొదటిది తాతలది, రెండవది తండ్రులది. మన విశ్వాసులు నన్ను కూడా ‘గురువుగారూ’ అనే పిలుస్తారు కనుక మొదటి జవాబు నాకు కొంత అనుకూలమైనదే. అంచేత దాన్ని మరికాస్త అనుమానంగా చూడటం మంచిదనుకుంటాను.

మా విచారణలో ఒక అమ్మాయి ఉంది. ఆమె, ఆమె తల్లిదండ్రులు ఒప్పుకున్న మీదటే ఇది రాస్తున్నాను, ఊరి పేరు, బడి పేరు చెప్పను. పల్లెలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో ఎనిమిది వరకు చదివింది. తండ్రికి బదిలీ కావటంతో పట్నంలో ఇంగ్లీషు మీడియం బడిలో తొమ్మిదిలో చేరింది. పాత బడిలో లెక్కల్లో ముందుండే పిల్ల. కొత్త బడిలో లెక్కల మాస్టారు యాభై దాటినవారు, పదో తరగతి ఫలితాల్లో ఆ బడికి పేరు తెచ్చినవారు. చేరిన రెండో రోజే ఈ పిల్లను బోర్డు దగ్గరికి పిలిచి, రెండు సంఖ్యలు వేసి, ‘హెచ్.సి.ఎఫ్. కనుక్కో’ అన్నారు. పిల్ల సుద్దముక్క పట్టుకొని నిలబడిపోయింది. ‘తొమ్మిదికి వచ్చావు, హెచ్.సి.ఎఫ్. తెలీదా? మీ పాత బడిలో పాఠాలు చెప్పారా, గొడ్లు కాయించారా?’ అన్నారు మాస్టారు. క్లాసంతా నవ్వింది.

ఆ పిల్లకు గ.సా.భా. ఆరో తరగతి నుంచీ వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. హెచ్.సి.ఎఫ్. అంటే అదేనని ఆమెకు ఆ సాయంత్రం పక్కింటి అబ్బాయి చెప్పాడు. మర్నాడు వెళ్ళి ‘నాకు వచ్చండీ’ అని చెప్పే ధైర్యం మాత్రం ఎవరూ ఇవ్వలేకపోయారు. ఆనాటి నుంచి ఏ తప్పు చేసినా ‘పాత బడి’ అనే మాట రావటం మొదలైంది. ఒకసారి లెక్కను పాత టీచరు నేర్పిన పద్ధతిలో చేసింది. జవాబు సరిపోయింది. అయినా దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత పడింది.

రెండు నెలలకు వాళ్ళమ్మ ఆ పిల్లను నా దగ్గరికి తీసుకొచ్చింది. లెక్కల గురించి కాదు. ‘గురువుగారూ, సోమవారం పొద్దున వచ్చేసరికి కడుపునొప్పంటుంది. ఈ ఊరి నీళ్ళు పడలేదేమో. తలమీద చెయ్యి వేసి ప్రార్థించండి’ అంది. ప్రార్థించాను. తర్వాత టైంటేబులు అడిగాను. సోమవారం మొదటి పీరియడు లెక్కలు. ఇంటర్లో ఏం తీసుకుంటావమ్మా అంటే, ‘లెక్కలు లేనిది ఏదైనా సరే’ అంది. సంవత్సరం కిందట పాత బడిలో టీచరమ్మకు బదులు కింది తరగతికి లెక్కలు చెప్పిన పిల్ల!

ప్లేటో రాసిన సంభాషణల్లో ‘మెనో’ అని ఒకటి ఉంది. అందులో సోక్రటీసు మెనో పరివారంలోని ఒక బానిస కుర్రవాణ్ణి పిలిచి ఒక చతురస్రం గీస్తాడు. భుజం రెండడుగులు, వైశాల్యం నాలుగు. దీనికి రెట్టింపు వైశాల్యం కావాలంటే భుజం ఎంత ఉండాలి అని అడుగుతాడు. కుర్రవాడు నాలుగడుగులంటాడు, తప్పు. మూడంటాడు, అదీ తప్పు. చివరికి కర్ణం మీద గీసిన చతురస్రమే ఎనిమిది చదరపు అడుగులని తానే గ్రహిస్తాడు. పెద్ద గురువిద్యాలయంలో మేము ఈ కథను ఆత్మకు పూర్వజ్ఞానం ఉందా లేదా అనే చర్చ కోసం చదివాం. ఈ అమ్మాయి వచ్చి వెళ్ళిన తర్వాత మళ్ళీ తీసి చూస్తే, అప్పట్లో ఎవరూ పట్టించుకోని ఒక చిన్న వాక్యం కళ్ళబడింది. లెక్క మొదలుపెట్టక ముందు సోక్రటీసు ఇంటి యజమానిని ఒక సంగతి అడుగుతాడు. ఈ కుర్రవాడికి మన గ్రీకు భాష వచ్చునా అని. వచ్చునని తెలిసిన తర్వాతే లెక్క. రెండుసార్లు తప్పు చెప్పినా కుర్రవాణ్ణి ఎగతాళి చెయ్యడు. తనకు తెలియదని వాడు తెలుసుకోవటం వల్ల వాడికి మేలే జరిగిందని మెనోకు చెబుతాడు. యజమాని ఎదుట, అతిథి ఎదుట నిలబడిన బానిస పిల్లవాడికి దక్కిన ఆ మర్యాద, తొమ్మిదో తరగతిలో మన పిల్లకు దక్కలేదు.

పునీత అగుస్తీను వారు 389 ప్రాంతంలో ‘గురువు’ అనే చిన్న గ్రంథం రాశారు. తన కొడుకుతో జరిపిన సంభాషణ అది. ఆ కుర్రవాడికి అప్పుడు పదహారేళ్ళు, అంటే మన ఇంటర్ పిల్లల వయస్సు. మాటలు గుర్తులు మాత్రమే, గుర్తు వేరు, వస్తువు వేరు అనేది అందులోని వాదానికి మూలం. ఎదుటివాడికి వస్తువు తెలిసి గుర్తు తెలియకపోవచ్చు, గుర్తు నోటికి వచ్చి వస్తువు తెలియకపోవచ్చు. ఈ రెండో రకం పిల్లలు మన బడుల్లో బోలెడుమంది ఉన్నారు, వారికి మంచి మార్కులు కూడా వస్తాయి. మన అమ్మాయి మొదటి రకం. గ.సా.భా. తెలుసు, హెచ్.సి.ఎఫ్. అన్న పేరు తెలియదు. త్రిభుజం తెలుసు, సమద్విబాహువు తెలుసు, ‘ఐసోసెలెస్’ అంటే బిత్తరపోతుంది. పేరు తెలియకపోవటాన్ని మాస్టారు విషయం తెలియకపోవటంగా లెక్కగట్టారు. అక్కడితో ఆగినా బాగుండేది. విషయం తెలియకపోవటాన్ని బుద్ధి లేకపోవటంగా తేల్చారు. ఆ పైన బుద్ధి లేకపోవటాన్ని ఆమె ఊరికీ, బడికీ అంటగట్టారు. ఒక మెట్టు మీద నుంచి ఇంకో మెట్టుకు ఎంత సులువుగా దిగారో చూడండి. తర్కశాస్త్రం పరీక్షలో ఇలా రాస్తే ఎర్ర గీత ఎవరికి పడాలి?

పునీత తోమాసు అక్వీనాసు వారు కొలోనులో అల్బర్టు వారి దగ్గర చదివే రోజుల్లో ఎవరితోనూ మాట్లాడేవారు కాదట. తోటి విద్యార్థులు ‘మూగ ఎద్దు’ అని పేరు పెట్టారని సంప్రదాయం చెబుతుంది. కొత్తగా వచ్చి మౌనంగా ఉండేవారిని మొద్దులనుకోవటం 13వ శతాబ్దం నాటికే పాత అలవాటు.

ఇక ఇంటి సంగతి. తండ్రికి ఈ విషయం తెలిసిన రోజున ఆయన నవ్వి, ‘మా లెక్కల మాస్టారైతే గోడకుర్చీ వేయించి వీపు చిట్లగొట్టేవారు, మేం పెరగలేదా’ అన్నారట. ఇలాంటి మాట అనని తండ్రి మన పల్లెల్లో అరుదు. అగుస్తీను వారు 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తె అనే చిన్న పట్టణంలో పుట్టారు. చిన్నతనంలో బడిలో దెబ్బలు తప్పించమని దేవునికి మొరపెట్టుకున్నానని, ఆ దెబ్బలు చూసి పెద్దలు, చివరికి తన మేలు కోరే కన్నవారు కూడా నవ్వారని ‘కన్ఫెషన్స్’ మొదటి భాగంలోనే రాసుకున్నారు. ఆయన ఆ పుస్తకం రాసేనాటికి నలభై దాటిన మేత్రాణులు. దెబ్బ మరచిపోయి ఉండవచ్చు, నవ్వు మరచిపోలేదు. తాను తిన్న దెబ్బలను చూపి పిల్ల బాధను కొట్టిపారేసే తండ్రి నిజానికి ఆ పిల్లకు చెబుతున్నదేమిటి? నేను భరించాను కనుక నువ్వూ భరించాలని. ఒక అన్యాయం పాతదైతే న్యాయమవుతుందా?

అదే పుస్తకంలో ఆయన ఇంకో సంగతి చెబుతారు. ఆయనకు లాటిను భాష దాదుల లాలింపుల్లో, ఆటల్లో, నవ్వుల్లో అబ్బింది. గ్రీకు మాత్రం బడిలో, బెదిరింపుల మధ్య నేర్చుకోవలసి వచ్చింది. గ్రీకంటే అసహ్యం పుట్టింది. పశ్చిమ శ్రీసభలో అంతటి మేధావి లేడని పేరు తెచ్చుకున్న మనిషి, గ్రీకు గ్రంథాలకు ఎక్కువగా అనువాదాల మీదనే ఆధారపడవలసి వచ్చింది. పేరు కూడా తెలియని ఒక బడిపంతులు బెత్తం చేసిన పని అది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు అని మన సామెత. మాస్టారి మీద కోపం లెక్కల మీద తిరుగుతుంది, టీచరమ్మ మీద కోపం హిందీ మీద తిరుగుతుంది. దుత్త పగిలితే నష్టం అత్తకా? ఆ పెరుగు మనం తినవలసింది. నేను ఆ అమ్మాయికి మొదట చెప్పింది ఇదే. మాస్టారు నీకు నచ్చకపోవచ్చు, నచ్చాలన్న నియమం ఎక్కడా లేదు. కానీ ఆయన వచ్చే ఏడాదికి వేరే క్లాసుకు పోతారు, లెక్కలు నీతోనే వస్తాయి. ఆయన కోసం లెక్కల్ని వదులుకుంటే, ఆయన నీ గురించి అన్న మాటను నువ్వే నిజం చేసినట్లవుతుంది.

ఇది చెప్పటం తేలిక. తోమాసు వారు గురువును వైద్యునితో పోల్చారు. జబ్బును నయం చేసేది రోగి దేహంలోని ప్రకృతే, వైద్యుడు దానికి సాయపడతాడు. అలాగే నేర్చుకునేది విద్యార్థి లోపలి బుద్ధే, గురువు దానికి బయటి నుంచి ఊతమిస్తాడు. ఈ పోలికను పట్టుకొని కొందరు, ‘అయితే మాస్టారితో పనేముంది, పిల్ల సొంతంగా చదువుకోవచ్చు గదా’ అంటారు. పోలికను సగమే చదివితే వచ్చే చిక్కు అది. మందు ఇవ్వని వైద్యుడి దగ్గర రోగి ఎలాగో కోలుకోవచ్చు. ‘నీ ఒంట్లో కోలుకునే శక్తే లేదు’ అని రోజూ చెప్పే వైద్యుడి దగ్గర కోలుకోవటం కష్టం. పాఠం సరిగ్గా చెప్పలేని మాస్టారు ఒక పాఠం పోగొడతారు. పిల్లకు తన బుద్ధి మీద తనకే నమ్మకం లేకుండా చేసే మాస్టారు, ఏ పనిముట్టుతో ఆమె మిగతా పాఠాలన్నీ నేర్చుకోవాలో ఆ పనిముట్టునే విరుస్తున్నారు. అంచేత కఠినంగా ఉండే మాస్టారినీ, కించపరిచే మాస్టారినీ ఒకే గాటన కట్టకూడదు. కఠినుడు ‘ఇది మళ్ళీ చెయ్యి’ అంటాడు, అంటే చేయగలవని నమ్ముతున్నాడన్నమాట. పిల్లలు అప్పటికప్పుడు ఈ తేడా చెప్పలేరు, ఇద్దరూ వారికి కోపిష్టులే. ఇంటికొచ్చిన పిల్లను ‘తిట్టారా’ అని అడిగేకంటే ‘ఏమని తిట్టారు’ అని అడిగితే పెద్దలకు తేడా తెలుస్తుంది.

మాస్టారి వైపు కూడా చూడాలి గదా. ‘బతకలేక బడిపంతులు’ అనే సామెతను పుట్టించింది మనమే. నలభై అయిదు మంది పిల్లలు, పూర్తికావలసిన పోర్షను, వారం వారం పరీక్షలు, తగ్గిన ప్రతి మార్కుకూ తల్లిదండ్రుల ఫోను. ప్రైవేటు బడుల్లో చాలామందికి వచ్చే జీతం బయట చెప్పుకునేది కాదు. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడ్డప్పుడు కూరగాయలు అమ్ముకొని, కూలికి పోయి బతికిన ఉపాధ్యాయులు మన విచారణల్లోనే ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చింది. బెత్తాన్ని అసహ్యించుకున్న అగుస్తీను వారు కూడా పెద్దయ్యాక పంతులే అయ్యారు. కార్తేజీలో విద్యార్థులు క్లాసులోకి దూసుకొచ్చి చేసే అల్లరి భరించలేక 383లో రోముకు వెళ్ళారు. రోములో పిల్లలు బుద్ధిమంతులే గాని, జీతం ఇవ్వవలసిన సమయానికి అందరూ కలిసి ఇంకో పంతులు దగ్గరికి మారిపోయేవారు! పంతులుగా ఉండటంలోని విసుగు ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

అయితే కారణం వేరు, సమర్థన వేరు. మాస్టారు ఎందుకు విసుక్కున్నారో మనకు అర్థమైతే ఆయన మీద ద్వేషం తగ్గుతుంది. ఆయన అన్న మాట మాత్రం దానివల్ల మంచి మాట అయిపోదు. క్షమ అనే పేరుతో మన క్రైస్తవులం ఈ రెండింటినీ తరచుగా కలిపేస్తుంటాం.

పిల్లల వైపు నుంచి ఇంకో ప్రమాదం ఉంది. ఆ క్లాసులో మాస్టారికి ఒక మారుపేరు ఉంది. అది ఇక్కడ రాయను. కొత్తగా వచ్చిన పిల్లకు స్నేహితులు దొరికే దగ్గర దారి ఏమిటో తెలుసా? అందరికీ నచ్చని మాస్టారిని వెక్కిరించటం. ఆయన నడకను అనుకరిస్తే చాలు, మధ్యాహ్నం క్యారేజీ దగ్గర నలుగురు చోటిస్తారు. మన అమ్మాయికి మొదటి స్నేహితులు దొరికింది అలాగే. ఇమోలా పట్టణంలో కాసియాను అనే పంతులుగారిని ఆయన శిష్యులే రాత గంటాలతో పొడిచి చంపారని ప్రుదెన్షియస్ కవి రాశాడు. ఇక్కడ పొడిచేది మాటలతోనే, అదీ ఆయన వెనుక. కాని దానిలో రుచి ఉంటుంది. ఆ రుచి మరిగితే మాస్టారు మారినా మనకు సంతోషం ఉండదు, వెక్కిరించటానికి ఏమీ మిగలదు గనుక.

మొదటి ప్రశ్నకు వద్దాం. గౌరవమంటే మౌనమేనా? కింది వారు పై వారిని సరిదిద్దవచ్చునా అనే ప్రశ్నను తోమాసు వారు ‘సుమ్మా’లో సూటిగానే వేసుకున్నారు. సరిదిద్దవచ్చు, అది ప్రేమకు చెందిన పని, ప్రేమ అందరికీ బాకీయే అన్నది ఆయన జవాబు. కాకపోతే పద్ధతి ముఖ్యమంటారు. పెద్దవారితో మాట్లాడినట్లు మాట్లాడాలి, సాధారణంగా ఏకాంతంలో మాట్లాడాలి. అంతియోకులో పౌలు పేతురును అందరి ఎదుట నిలదీసిన సంగతి ఆయనకు తెలుసు, విశ్వాసానికే ముప్పు వచ్చినప్పటి సంగతి అది అంటారు. నేను దీనికి ఒక్క మాట కలుపుతాను. ‘ఆయనకు చెప్పి లాభం లేదు’ అనుకొని నోరు మూసుకోవటాన్ని మనం గౌరవమని పిలుస్తున్నాం. నిజానికి అది చిన్నచూపు. ఆ మనిషి మాట వినగలవాడు కాడని, మారగలవాడు కాడని ముందే తీర్పు చెప్పేసుకున్నాం. మాస్టారు ఆ పిల్ల విషయంలో చేసింది కూడా సరిగ్గా ఇదే.

అయితే పద్నాలుగేళ్ళ పిల్ల నెత్తిన ఈ బరువు పెట్టటం న్యాయం కాదు. మార్కులు వేసే చెయ్యి ఆయనది. మాట్లాడవలసింది పెద్దలు. ఆ అమ్మాయి తండ్రి, నవ్వటం మానేసిన తర్వాత, నేరుగా హెడ్మాస్టరు దగ్గరికి బయలుదేరబోయారు. మేనమామకు ఎవరో నాయకుడు తెలుసట, ఫోను చేయిస్తానన్నాడు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడితే సరి అని ఇంకెవరో సలహా. మాస్టారిని ఒక్కసారి కూడా కలవకుండానే ఇన్ని! ముందు ఆయన్ను కలవండి, పిల్ల పాత నోటుపుస్తకం తీసుకెళ్ళండి, జరిగినవి మూడు చెప్పండి, ఆయన ఎలాంటివారో మాత్రం ఆయనకు చెప్పకండి అన్నాను. తండ్రికి కోపం ఆగదని తల్లి వెళ్ళింది, శుక్రవారం ఆఖరి గంట తర్వాత. ‘మాస్టారూ, మా అమ్మాయికి లెక్కలంటే ఇష్టం. ఇప్పుడు సోమవారమంటే కడుపునొప్పంటోంది. ఎక్కడ తేడా వచ్చిందో మీరే చూసి చెప్పాలి’ అంది. నేనైతే ఇంత బాగా చెప్పలేను.

ఆయన నోటుపుస్తకం పేజీలు చాలాసేపు తిప్పారట. ‘ఇది తెలుగు మీడియమా? నాకెవరూ చెప్పలేదే’ అన్నారట. అడ్మిషను కాగితాల్లో ఆ సంగతి ఉండే ఉంటుంది. అవి ఆఫీసు బీరువాలో ఉన్నాయి, మాస్టారు క్లాసులో ఉన్నారు. మన బడుల్లో సగం అన్యాయాలు ఈ రెండు గదుల మధ్య దూరంలో జరుగుతాయి. ఆయన క్షమాపణ చెప్పలేదు, ఆమె అడగలేదు. పిల్ల చేత రెండు వరసల్లో పదాలు రాయించమన్నారు. క.సా.గు. ఎదురుగా ఎల్.సి.ఎం., అలా. ఆ పట్టీ ఇప్పుడు నాలుగు పేజీలైంది. ‘పాత బడి’ అనే మాట చాలావరకు ఆగింది. ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగకపోవటం అలాగే ఉంది. ఆ పిల్లకు ఆయన ఇప్పటికీ నచ్చరు. కడుపునొప్పి మాత్రం లేదు.

ఇలా కుదరని చోట్లు కూడా ఉంటాయి, దాచిపెట్టటం ఎందుకు. చెయ్యి చేసుకునేవారు, కులం పేరుతో, రంగు పేరుతో అవమానించేవారు, ఆడపిల్లలతో కానిమాటలు మాట్లాడేవారు ఉన్నారు. అక్కడ నోటుపుస్తకం పట్టుకెళ్ళి మెల్లగా మాట్లాడమని నేను చెప్పను. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను కొట్టటాన్నే కాదు, మానసికంగా వేధించటాన్ని కూడా నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం అమలులో ఉంది. పదిహేనో పుట్టినరోజు నాడు పిల్ల మర్యాదకు అనర్హురాలవుతుందని దీని అర్థం కాదు. 1098 నంబరుకు పిల్లలే నేరుగా ఫోను చేయవచ్చు. మన సంస్థల బడుల్లోని పిల్లలైనా ఆ నంబరుకు ఫోను చేయవచ్చు.

మన విచారణలోని ఒక ఉపాధ్యాయుడు ఈ సంగతి విని నన్ను అడిగారు: ‘ఒక్క పిల్ల కోసం నలభై నాలుగు మందిని ఆపమంటారా ఫాదర్?’ న్యాయమైన ప్రశ్నే. కార్తేజీలో దేవోగ్రాసియాస్ అనే దీకను, కొత్తవారికి ఉపదేశం చెప్పేటప్పుడు తనకే విసుగొస్తోందని అగుస్తీను వారికి మొరపెట్టుకున్నాడు. జవాబుగా ఆయన ఒక చిన్న పుస్తకమే రాశారు. వినేవాడు ఆవలిస్తుంటే ముందుగా వాణ్ణి తప్పుపట్టకు, నిలబడి నిలబడి అలసిపోయాడేమో, కూర్చోబెట్టు అనేది అందులోని సలహాల్లో ఒకటి. దానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ ఉపాధ్యాయునికి నేనూ అదే చెప్పాను. జూన్‌లో రెండో రోజున ‘ఏ మీడియం నుంచి వచ్చావమ్మా’ అని అడగటానికి పట్టేది రెండు నిమిషాలు కూడా కాదు.

పోయిన ఆదివారం పూజ తర్వాత ఆ అమ్మాయి గుడి మెట్ల దగ్గర ఆగింది. క్లాసులోకి దసరా సెలవుల తర్వాత ఒక కొత్త అబ్బాయి వచ్చాడట. ఇప్పుడు మాస్టారి నోట్లో నానుతున్నది అతని పేరు. వాడిది భాష ఇబ్బంది కాదట, ఎక్కాలు రావు. అందుకని ఈమె నాలుగు పేజీల పట్టీ అతనికి పనికిరాదు. ‘అందరూ నవ్వుతున్నారు గురువుగారూ. నేను నవ్వటం లేదు, కానీ ఏమీ అనటం లేదు. పుస్తకంలోకి చూస్తున్నాను’ అంది. అది తప్పా అని అడిగింది. ఎక్కాలు నీకు ఎన్ని వచ్చు అని అడిగాను. ఇరవై దాకా అంది. మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక ఎంత సమయం ఉంటుందంటే, పావుగంట అంది. ఆ స్నేహితులు ఏమంటారో అని కాసేపు ఆలోచించి, వాళ్ళమ్మ పిలుస్తుంటే వెళ్ళిపోయింది.